కంటిలో జరీ అంచు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదట విరిగింది సాంచా మీద పోగు మోసే నాడెను తన్నే కర్ర. చివరికి విరిగింది నా కొడుకు కనుబొమ్మ మీది ఎముక. ఈ రెంటికీ నడుమ విరిగినవాటిలో కొన్నింటిని అతికించుకున్నాం. కొన్ని అట్లాగే ఉన్నాయి.

మాది నేత ఊరు. కరీంనగర్ నుంచి బస్సులో వస్తుంటే ఊరు కనబడకముందే వినబడుతుంది. ఇంటింటికీ మరమగ్గాలు. మేం వాటిని సాంచాలంటాం. నేను కరీంనగర్‌లో బి.ఏ. చదివి వచ్చి కూడా సాంచాలే నడుపుకున్నాను కాబట్టి ఊళ్లో అందరికీ డిగ్రీ సాంబయ్యను. నా భార్య సత్తవ్వ పోయాక ఇంట్లో మిగిలింది నేను, కొడుకు రాజ్‌కుమార్, కోడలు వనిత, ఇంటర్ చదివే చిన్న కూతురు మమతారాణి.

ఆ ఏడు ఉగాది దాటగానే ఎక్సైజ్ వాళ్లు కల్లు డిపోలన్నీ మూయించారు. మా దగ్గర సీసాల్లో అమ్మేది ఉత్త చెట్టు కల్లు కాదు. మత్తుమందు పొడి కలిపింది. పొద్దంతా సాంచాల మోతలో నిలబడినవాళ్లకు అది లేకపోతే కన్ను మూతపడదు. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ఒక్కసారిగా దొరకకుండా పోయేసరికి చేతులు వణికాయి, మాటలు తడబడ్డాయి. కొందరు గోడలతో మాట్లాడారు. కొందరు పెళ్లాం పిల్లలను కరిచారు. ఆ వణుకును మా వాడలో బడిపిల్లలు సైతం దూరం నుంచే గుర్తుపడతారు. అందుకే రాజ్‌కుమార్ చేతులు వణికినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

ఒక రోజు మా షెడ్డులో సాంచా మీద పోగు తెగింది. తెగిన పోగును అతకడమంటే మావాడికి తల దువ్వుకున్నంత సులువు. అలాంటిది, వాడు సాంచా ఆపి వంగి, రెండు వేళ్ల నడుమ పోగు కొసను పట్టబోతాడు, అది జారిపోతుంది. మళ్లీ పట్టబోతాడు. వేళ్లు పోగును దాటి గాలిలో కొట్టుకుంటున్నాయి. పక్క సాంచా మీదున్న అంతయ్య చాలాసేపు చూసి నవ్వాడు.

"ఏం అల్లుడా, సీసా దొరకలేదా? ఇయ్యాల పోగు కంటే నువ్వే ఎక్కువ ఆడుతున్నవ్."

"నేను తాగలే మామా." నోట్లో గులకరాయి పెట్టుకున్నవాడిలా మాట ముద్దముద్దగా వచ్చింది.

"తాగనోని నోట్లెకెల్లి చొంగ కారుతదారా?"

రాజ్‌కుమార్ పెదవుల మూల నుంచి నిజంగానే చొంగ కారుతోంది. వాడు చేత్తో తుడుచుకున్నాడు. ఆ తర్వాత సాంచాకున్న కర్రను ఊడబెరకడం నాకు కనిపించింది కానీ, దాన్ని ఎత్తడం కనిపించలేదు. అంతయ్య భుజం మీద పడ్డ దెబ్బ శబ్దం అన్ని సాంచాల మోతలోనూ వినిపించింది. రెండో దెబ్బకు అంతయ్య పక్కకు తప్పుకున్నాడు. కర్ర ఇనుప చట్రం మీద పడి సగానికి విరిగింది. నేను వెనక నుంచి పోయి రెండు చేతులతో వాడిని చుట్టేశాను. ఒళ్లంతా ఎండిన తోలులా బిగుసుకుని ఉంది. లోపల గుండె మాత్రం పిట్ట గుండెలా కొట్టుకుంటోంది.

అంతయ్య భుజం పట్టుకుని గోడకు జారగిలబడ్డాడు. ఎవరో పోలీసులన్నారు. "పోలీసులెందుకువయ్యా, కల్లు చేసిన పనికి," అని ఆయనే వాళ్ల నోళ్లు మూయించాడు. పోతూ పోతూ నాతో, "సాంబన్నా, నువ్వు ఎన్నడు వానిమీద చెయ్యెత్తలే. గదే వచ్చింది పరేషాన్. రెండు దెబ్బలు సరువు, తాగుడు దిగుతది," అన్నాడు.

నేను చెయ్యెత్తలేదు. ఎత్తలేని మనిషిని. విరిగిన కర్ర ముక్కను ఇంటికి తీసుకొచ్చాను. కోడలు దాన్ని వంటింటి కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆనించింది.

*

ఆస్పత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. మనుషుల చేతులను మంచం కోళ్లకు పాత చీర పేలికలతో కట్టారు. ఎవరి తల్లో గోడకు ఆనుకుని, కొడుకు తిట్లు తింటూనే వాడికి విసురుతోంది. ఆ వరుసలో మా వంతు వచ్చినప్పుడు చిన్న డాక్టర్ కళ్లెత్తి చూసే ఓపిక లేక అడిగాడు.

"ఎన్నేండ్ల నుంచి తాగుతుండు?"

"ఐతారం ఐతారం ఒక్క సీసా సార్. అంతకంటె లేదు."

"అందరు గట్లనే చెప్తరు."

ఆ పిల్లవాడిని నేను తప్పుపట్టను. పొద్దటి నుంచి అదే వణుకు, అదే తడబాటు, అదే కరవడం. వందమందిలో ఒకడి వణుకు వేరే అని ఎట్లా తెలుస్తుంది? అందరికీ ఇచ్చిన గోలీలే మాకూ ఇచ్చాడు. అవి వేసుకున్న రోజు వాడు నిద్రపోయేవాడు. వేసుకోని రోజు ఇల్లు వణికేది.

అన్నంలో రాయి వచ్చిందని కంచం వనిత ముఖాన విసిరాడు. కంచం అంచు తగిలి కింది పెదవి కింద ఆమె గదవ చీరుకుపోయింది. మరోరోజు ఏ కారణమూ లేకుండా జుట్టు పట్టి గడపకు కొట్టాడు. నేను అడ్డం పోతే నా ముంజేతిని కరిచాడు. పళ్లు దిగిన చోట ఇప్పటికీ చిన్న వంపు ఉంది. ఆ గొడవంతా అయ్యాక మూలకు కూర్చుని ఏడ్చేవాడు. "బాపూ, నా చెయ్యి నా మాట ఇంటలేదు," అనేవాడు. ఆ మాట కూడా కల్లే అంటోంది అనుకున్నాం.

వెనకింటి కొమురవ్వ నడి వయసు మనిషి. ఒకనాడు పొద్దున్నే పాల క్యాన్ పట్టుకుని వచ్చింది. మూత తీస్తే పాలు కావు.

"మా చుట్టపోల్ల ఊర్ల ఇంక దొరుకుతున్నది. జర తాగిపియ్యి సాంబన్నా. కోడలు పోరి పానం పోయేటట్టున్నది."

దొరికితే జైలు. అయినా కొంగు కింద దాచి అంత దూరం నుంచి మోసుకొచ్చింది. తాగించాం. పొద్దెక్కేసరికి వాడి చేతుల వణుకు తగ్గింది, ముఖం తేటబడింది, వనితను చూసి తల దించుకున్నాడు. ఇంకేం కావాలి రుజువు? కల్లు పోస్తే తగ్గింది కాబట్టి రోగం కల్లుదే. ఊరంతా, ఆస్పత్రి, నేను, నా బి.ఏ. చదువు, అందరం ఆ ఒక్క లెక్క దగ్గరే ఆగిపోయాం.

మమతారాణిని ధర్మపురిలో మా వదిన ఇంటికి పంపించాను. బస్సు కిటికీలోంచి, "బాపూ, వదినను గూడ పంపరాదే," అంది. వనిత నవ్వి, "నేను పోతే మీ అన్నకు అన్నం ఎవరు పెడతరు, కంచం ఎవరి మీద ఇసురుతడు?" అంది. గదవ మీది కుట్లు నవ్వుకు లాగి బాధపెట్టినట్టున్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకుంది.

*

కల్లు దొరకని మనుషుల్లో బుచ్చిరాములు చనిపోయాడు. మూర్ఛలు వచ్చి ఆగలేదు. ఊళ్లో ఆ వేసవికి అది మొదటి చావు కాదు కానీ, నలుగురు కొడుకులున్న ఇల్లు. డప్పులతో, బుక్కా గులాలతో పాడె బయలుదేరింది. మనుషుల కళ్లలో ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉంది. ఎవరి మీద చూపాలో తెలియని కోపం.

రాజ్‌కుమార్ చాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నాడు. నేను వాడిని వెతుక్కుంటూ వస్తూ దూరం నుంచే చూశాను. పాడె వాడి ముందుకు వచ్చింది. వాడి పెదవులు వెనక్కి లాగుకుపోయి ఉన్నాయి. పళ్లు కనిపిస్తున్నాయి. కళ్లు నిలబడిపోయి ఉన్నాయి. చూసినవాళ్లకు అది ఒక్కదానిలాగే కనిపిస్తుంది. నవ్వు.

"మా బాపు సస్తే నవ్వుతున్నవా?"

ముందు పడింది నిప్పుకుండ పట్టిన పెద్ద కొడుకు కాలి తన్ను కాదు, వెనకనున్న తమ్ముడి చెయ్యి. తర్వాత ఎవరిదేదో తెలియలేదు. చెప్పులతో కొట్టారు. కింద పడితే కడుపులో తన్నారు. లేపి కరెంటు స్తంభానికి కండువాతో కట్టి మళ్లీ కొట్టారు. వాడు ప్రతి దెబ్బకూ, "నవ్వలే, నేను నవ్వలే," అంటున్నాడు. అనేటప్పుడు కూడా ఆ పెదవులు కలవడం లేదు. పళ్లు రక్తంతో ఎర్రబడి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అది చూసి ఇంకా కొట్టారు.

నేను మధ్యలో దూరి వాడిని కప్పేసి నిలబడ్డాను. నా వీపు మీద కొన్ని పడ్డాయి. వయసు చూసి కొందరు ఆగారు.

"పాడె ఆగొద్దు. నడువుండ్రి," అని ఎవరో పెద్దమనిషి అరిచాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. పాడె మోస్తున్నవాళ్లలో ఒకడు, ముఖం మా వైపు తిప్పకుండానే, ఖాళీగా ఉన్న చేత్తో స్తంభానికున్న ముడిని లాగి వదులు చేసి వెళ్లిపోయాడు. ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ చేతికి ఇత్తడి కడియం ఉందని మాత్రం గుర్తు.

*

మే నెల నడుమ ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతే మా ఊళ్లో చెవులు గుయ్యిమంటాయి. ఆ నిశ్శబ్దంలో వంటింట్లో గిలాస దొర్లిన చప్పుడు వినిపించింది. అది దొర్లి దొర్లి గోడకు తగిలి ఆగింది. ఎవరూ తీయలేదు.

లేచి పోయాను. వనిత నేల మీద వెల్లకిలా ఉంది. రాజ్‌కుమార్ ఆమె ఛాతీ మీద మోకాలు ఆనించి రెండు చేతులతో మెడ పిసుకుతున్నాడు. ఆమె మడమలు నేలకేసి కొట్టుకుంటున్నాయి. ముఖం నల్లబడుతోంది. నేను వాడి చొక్కా పట్టి లాగాను. విదిలిస్తే పోయి రోటి మీద పడ్డాను. లేవబోతే నడుము లేవలేదు. "కొడకా, ఇడువురా, సచ్చిపోతది," అని అరుస్తున్నాను. అరవడం తప్ప నా చేతుల్లో ఏమీ లేదు.

వనిత చెయ్యి గోడ వెంట పాకింది. కిటికీకి ఆనించిన కర్ర ముక్క దొరికింది. రెక్క టప్పున మూసుకుంది.

ఒకటే దెబ్బ. ఎడమ కనుబొమ్మ మీద. ఎండిన కొబ్బరికాయ పగిలినట్టు శబ్దం వచ్చింది. వాడి చేతులు వదులైపోయాయి. పక్కకు ఒరిగిపోయాడు. రక్తం కంటిలోకి, చెవిలోకి, నేల మీదికి పాకింది.

వనిత లేచి కూర్చుని దగ్గింది. గొంతు వచ్చాక మొదటి మాట, "సచ్చిండా మామా? నేను సంపిన్నా?"

వాడు మూలిగాడు. అప్పుడు ఆమె తన కొంగు చుట్టి ఆ కంటి మీద అదిమింది. రెండు నిమిషాల కింద తనను చంపబోయినవాడి తలను ఒడిలో పెట్టుకుని, "నీళ్లు, నీళ్లు," అని నాకేసి అరుస్తోంది. ఆమె మెడ మీద వాడి పది వేళ్ల గుర్తులు అప్పుడే లేస్తున్నాయి.

కన్ను పోతుందేమో, కరీంనగర్ తీసుకుపొమ్మని ఆస్పత్రిలో అన్నారు. మా వాడ ఆటో కొండల్ దారి పొడుగునా గుంత కనిపిస్తే చాలు నిదానించి, "జర పట్టుకో అక్కా," అని ముందే చెప్పాడు. మామూలుగా వాడు గుంతలు చూసి ఆగే మనిషి కాదు.

*

కళ్ల డాక్టర్ అంబదాస్ గారిది ఆదిలాబాద్. తల నెరిసిన మనిషి. మాటల్లో మరాఠీ తొంగిచూస్తుంది. ముందు వనిత మెడ వైపు చూసి, "సిస్టర్, ఈ అమ్మకు ఫస్ట్ నీళ్లియ్యి, కూసోపెట్టు," అన్నారు. తర్వాతే రాజ్‌కుమార్ దగ్గరికి వచ్చారు.

"ఎవరు కొట్టిన్రు బాబా?"

"నేనే సార్," అంది వనిత.

"మంచిది. నిజం చెప్పినవ్." అంతే. కుట్లు వేశారు. ఎముక చిట్లింది కానీ కనుగుడ్డు బతికిందన్నారు. అయినా లోపల దెబ్బ ఉందేమో చూడాలని వాడి గదవను మెషీన్ మీద ఆనించి, సన్నని వెలుతురు గీత ఒకటి కంట్లోకి వేసి చూశారు. దెబ్బ తగిలిన కన్ను చూశాక, పోల్చుకోవడానికి రెండో కన్ను చూశారు. చూస్తూ ఉండిపోయారు.

"థాంబ్, థాంబ్. కదలకు." సిస్టర్‌ను పిలిచి గదిలో లైట్ తీయించారు. మళ్లీ చూశారు.

రెండో కన్ను కూడా పోయిందనుకున్నాను.

డాక్టర్ లేచి, "చేతులు రెండు పక్కకు చాపు బాబా," అన్నారు. రాజ్‌కుమార్ చాపాడు. చేతులు పిట్ట రెక్కల్లా పైకీ కిందికీ కొట్టుకున్నాయి.

"ఇది ఎప్పటి సంది?"

"కల్లు బందైన కాడి నుంచి సార్," అన్నాను నేను.

"కాదు," అంది వనిత. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "కార్తీకం నుంచే. చాయ్ గిలాస పట్టుకుంటే ఒలికేది. అప్పటికి డిపోలు తెరిచే ఉన్నయ్."

నేను ఆమె వైపు చూశాను. "నన్నెవరు అడగలే మామా," అంది.

డాక్టర్ ముఖం దగ్గరికి వచ్చి రాజ్‌కుమార్ పెదవులను చూశారు. "ఇట్లా నవ్వుతున్నట్టు ఉంటడా ఎప్పుడు?"

నేను శవయాత్ర సంగతి చెప్పాను.

"ఇది నవ్వు కాదు బాబా. ముఖంల కండరాలు బిగుసుకపోయినయ్." ఆయన వాడి భుజం మీద చెయ్యి వేశారు. రాజ్‌కుమార్ బాగున్న కంట్లోంచి నీళ్లు కారాయి. 'నవ్వలే' అని వాడు అన్ని దెబ్బల నడుమ చెప్పిన మాటను నమ్మిన మొదటి మనిషి ఆయన.

"సాంబయ్య గారు, మీ భార్య మీకు దగ్గరి సంబంధమా?"

"మేనమామ బిడ్డ సార్."

"మీకు పిల్లలెవరన్న పోయిన్రా?"

"పెద్దబిడ్డ, రేవతి. ఐదో తరగతిల ఉండె. కామెర్లయినయ్. ఆకుపసరు పోయించినం. ఆగలే."

డాక్టర్ కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు.

"ఇంక ఎవరన్న పిల్లలున్నరా?"

"చిన్నది ఉన్నది సార్. మమతారాణి."

"రేపే తోలుకరాండ్రి."

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పారు. మనం తినే తిండిలో, తాగే నీళ్లలో కొంచెం రాగి ఉంటుందట. ఒంటికి కావాల్సింది వాడుకుని మిగిలింది బయటికి పోతుంది. వీడి ఒంట్లో పోవడం లేదు. ముందు కాలేయంలో, తర్వాత వణుకూ కోపమూ తెప్పిస్తూ మెదడులో, చివరికి కంటిలో పేరుకుంటోంది. విల్సన్ జబ్బు అంటారట. కల్లులోని మత్తుమందు ఏ వణుకునైనా కాసేపు అణుస్తుందట. తల్లి వైపు సగం, తండ్రి వైపు సగం వచ్చి కలిస్తేనే బిడ్డకు పడుతుంది. "చాలా తక్కువ మందికి వస్తది. నేను ఇన్నేండ్లల్ల చూసింది ఇద్దర్నే. నేను కండ్ల డాక్టర్ని. పక్కా చేసుడు నా పని కాదు, రక్తం, మూత్రం చూడాలె. హైదరాబాద్‌ల నరాల డాక్టర్‌కు ఇప్పుడే ఫోన్ చేస్తా. మందులున్నయి. పాణం పోదు. ఇంకో ఏడాది ఆలస్యమైతే ఈ మాట చెప్పకపోదును."

"కండ్లల్ల ఏమున్నది సార్?" అంది వనిత.

ఆయన టార్చి వేసి పక్క నుంచి చూపించారు. రాజ్‌కుమార్ నల్లగుడ్డు చుట్టూ, తెల్లగుడ్డును కలిసే చోట, గోధుమా బంగారమూ కలిసిన సన్నని వలయం. నల్ల చీరకు వేసిన జరీ అంచులాగా ఉంది.

వనిత దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"గిదా సార్? గిది నాకు ఎరుకే." ఒక వేలితో ఆ వలయాన్ని గాలిలో గీసి చూపింది. "పెండ్లైన కొత్తల వాకిట్ల ఎండల నిలవడితె కనవడేది. ఎవలకు లేని అంచు నా మొగనికున్నదని మురిసిన."

డాక్టర్ టార్చి ఆర్పారు.

*

పరీక్షలన్నీ ఆయన అన్నట్టే వచ్చాయి. మమతారాణికి కూడా ఉందని తేలింది. ఆమెకు వణుకు లేదు, కామెర్లు లేవు, కంటిలో ఇంకా ఏమీ లేదు. రక్తంలో మాత్రం ఉంది. గోలీలు మానకుండా వేసుకుంటే అందరిలా బతుకుతుందని హైదరాబాద్ డాక్టర్ చెప్పాడు. బయటికి వచ్చాక నేను ఏడ్చాను. అది వనిత చెయ్యి పట్టుకుని, "వదినా, నువ్వు కొట్టింది అన్నను, బతికింది నేను," అంది. వనిత దాని నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి దగ్గరికి తీసుకుంది.

ఆ వారంలోనే వనిత అన్న అంజి హుజూరాబాద్ నుంచి దిగాడు. చెల్లె మెడ మీది గుర్తులు ఎవరో ఫోన్‌లో చెప్పారట. వస్తూనే చెప్పులతో ఇంట్లోకి వచ్చి, మంచం మీదున్న రాజ్‌కుమార్‌ను కాలర్ పట్టి లేపి చెంప మీద కొట్టాడు. కుట్లు చిట్లి కట్టులోంచి రక్తం ఉబికింది.

"అంజీ, ఆగు బిడ్డా. రోగం వానికి. కాయితాలు చూపిస్త," అన్నాను.

"రోగమా? ఏం రోగం మామా, ఆడిదాని మెడ పిసికే రోగమా? మా ఇంట్ల ఎవలకు రాదేంది ఇసొంటి రోగం?" మళ్లీ చెయ్యెత్తాడు.

వనిత వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "చాలు అన్నా. నేను కొట్టిన. నేను కొట్టినంక ఇంకెవ్వలు కొట్టేది లేదు."

ఆ మాటకు నాకు ధైర్యం వచ్చింది. ఆమె లోపలికి పోతే కట్టు మార్చడానికి దూది కోసం పోయిందనుకున్నాను. బట్టల సంచితో వచ్చింది.

"పోతున్నవా బిడ్డా?"

"రోగం ఆయనది మామా. దెబ్బలు నాయి."

సంచి ఆమె చేతిలోంచి తీసుకుని ఆటో దాకా మోశాను. ఆమె మోయనిచ్చింది. అదే చాలనుకున్నాను.

*

మందు మొదలుపెట్టాక మొదటి వారాలు ఇంకా కష్టంగా గడిచాయి. కొన్నాళ్లు వణుకు పెరగవచ్చని డాక్టర్ ముందే చెప్పాడు. పెరిగింది. రాత్రీ పగలూ పళ్లు కొరికేవాడు. మంచం మీంచి పడి మోచెయ్యి చీల్చుకున్నాడు. గోలీ మింగించాలంటే ఇద్దరం పట్టుకోవాలి. ఆ రెండోవాడు అంతయ్య. కర్ర దెబ్బ తగిలిన భుజంతోనే వచ్చి, వాడి కాళ్ల మీద కూర్చుని, "మింగు అల్లుడా, లేకుంటె నీ చొంగ నా మీద పడుతున్నది," అని తిట్టేవాడు. కొమురవ్వ ఒకరోజు గడప దాటకుండా బయటే నిలబడింది. "నేను పోసిన కల్లు కూడా సంపిందంట గద సాంబన్నా, కాలేజాన్ని?" అంది. లేదన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. దాన్ని కొంగు కింద మోసుకొచ్చిన దూరాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను.

ఇంట్లో సత్తవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి బిందె ఉండేది. చింతపండుతో తోమి, అందులో నీళ్లు పోసి, పొద్దున్నే పరగడుపున అందరి చేతా తాగించేది. ఆమె పోయాక కూడా నేను ఆ అలవాటు తప్పలేదు. ఆ నీళ్ల వల్ల రోగం రాలేదు, కానీ ఇక వద్దన్నారు డాక్టర్. బిందె ఒంపేసి, తోమి, బోర్లించి అటక మీద పెట్టాను. నీళ్లకు ప్లాస్టిక్ బకెట్ వాడుకున్నాం.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక పొద్దున రాజ్‌కుమార్ చాయ్ తాగుతుంటే చూశాను. రెండు చేతులతో గిలాస పట్టుకున్నాడు. ఒలికింది, కొంచెమే. మింగాక వాడి పెదవులు కలిశాయి. పైపెదవి, కింది పెదవి, మామూలు మనిషికి కలిసినట్టు. మళ్లీ విడిపోతాయేమోనని నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

"ఏంది బాపూ?"

"ఏంలేదు. తాగు."

ఆ సంగతి నేను హుజూరాబాద్‌కు ఫోన్ చేసి చెప్పలేదు. మమతారాణి చెప్పినట్టుంది.

ఒక వానపూట బస్సు దిగి వనిత నడిచి వచ్చింది. తడిసిపోయింది. ఒక చేతిలో బట్టల సంచి, చంకలో స్టీలు బిందె. కొత్తది. దాన్ని వంటింట్లో, రాగి బిందె ఉండే చోటనే పెట్టింది. రాజ్‌కుమార్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా, చెయ్యి అందనంత దూరంలో కూర్చుంది.

"గోలీలు ఏసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న." మాట ఇంకా ముద్దగానే ఉంది కానీ అర్థమవుతోంది.

"ఉండనీకి వచ్చిన అనుకోకు. సూడనీకి వచ్చిన."

"మంచిది."

ఆమె వాడి కళ్లలోకి చూసింది. నేను కూడా చూశాను. వలయం ఉంది. అది పోవడానికి ఏళ్లు పడుతుందట.

రాజ్‌కుమార్ గోడ పట్టుకుని లేచాడు. వనిత భుజాలు బిగుసుకున్నాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను. వాడు ఆమె వైపు పోలేదు. వంటింటి కిటికీ దగ్గరికి పోయి, నేను మళ్లీ రెక్కకు ఆనించి పెట్టిన కర్ర ముక్కను రెండు చేతులా తీశాడు. దాని మీద మరక ఇంకా ఉంది. వణుకుతూనే తెచ్చి, వంగి, ఆమె ముందు నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"గిది నీ తలగడ కాడ పెట్టుకో."

"ఎందుకు?"

"మల్ల నేను గట్లయితె..." మాట వెతుక్కున్నాడు. "సూసుకుంట కూసోకు."

ఆమె కర్ర వైపు చూసింది. వద్దంటుందనుకున్నాను. మళ్లీ కిటికీకే ఆనిస్తుందనుకున్నాను. అది చేతిలోకి తీసుకుని, లేచి, మూలకున్న తన చాప చుట్టలో తలవైపు దోపింది.

అప్పుడు నా వైపు తిరిగి, "మామా, నల్లా వచ్చినట్టున్నది. బిందె నింపుకరా," అంది.

నింపుకొచ్చాను. బయట గాలికి వంటింటి కిటికీ రెక్క కొట్టుకుంటోంది. దానికి ఆనించడానికి షెడ్డులో వేరే ఏదైనా ఉందేమోనని వెతకడానికి పోయాను.